ఒకే రైఫిల్, ఒకే తూటా: పందికీ, జింకకీ, ఎల్క్‌కీ ఏది కొనాలి?

చంద్రగిరి_కిట్టు:
అందరికీ నమస్తే. మాది చంద్రగిరి, ఉండేది ఆస్టిన్ దగ్గర. ఆఫీసులో ఒకతను రెండుసార్లు పందుల వేటకి తీసుకెళ్ళాడు, అప్పటి నుంచి నాకూ పిచ్చి పట్టింది. ఇంట్లో ఆవిడ ఒక్క తుపాకీకే ఒప్పుకుంది, అదీ తాళం వేసిన పెట్టెలో ఉంటేనే. ఇక్కడ పందులు, తెల్లతోక జింకలు ఉన్నాయి. వచ్చే అక్టోబరులో కొలరాడోకి ఎల్క్ (గుర్రమంత పెద్ద జింక) వేటకి పోవాలని ఉంది. గురి చూసే స్కోప్‌తో కలిపి 1,200 డాలర్లు దాటకూడదు. అన్నిటికీ సరిపోయే రైఫిల్ ఏది, తూటా ఏది?

బైరెడ్డిపల్లె_డాలస్:
తమ్ముడూ, ఇందులో ఆలోచించే పనే లేదు. .30-06 తీసుకో. 1906లో వచ్చిన తూటా, ఇప్పటికీ ఏ ఊరి కొట్టుకెళ్ళినా పెట్టె దొరుకుతుంది. పందికీ జింకకీ 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలత అది) గుండు, ఎల్క్‌కి 180. నేను పద్దెనిమిదేళ్ళుగా ఇదే వాడుతున్నా.

ఇంకో మాట. హెచ్1బీ మీద ఉంటే ముందు హంటింగ్ లైసెన్స్ తీసుకో. ప్రైవేటు భూమిలో ఓనరు ఒప్పుకుంటే పందులకి 2019 నుంచి టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ వీసా మీద ఉన్నవాడు అసలు తుపాకీ పట్టుకోవాలంటే ఫెడరల్ చట్టం ప్రకారం ఆ కాగితం చేతిలో ఉండాలి. మనోళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

సత్యవేడు77:
.315 తీసుకో బ్రో. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సరుకు. .303 మిలిటరీ తూటా కాబట్టి మనకి ఇవ్వరు.

పీలేరు_రాజా:
ఆయన ఉండేది టెక్సాస్‌లో సామీ. పోస్ట్ చదివి రాయండి.

అరగొండ_డెన్వర్:
కిట్టూ, 150, 180 అని ఆయన సులువుగా చెప్పేశాడు. గుండు బరువు మారితే అది తగిలే చోటు కూడా మారుతుంది. 150కి సరిచేసుకున్న స్కోప్‌తో 180 పేలిస్తే గురి తప్పుతుంది, మళ్ళీ రేంజికి వెళ్ళి జీరో చేసుకోవాలి. ఒకే తుపాకీ అన్నావు కదా, తూటా కూడా ఒకటే ఉండాలి.

నా ఓటు 6.5 క్రీడ్‌మోర్ తూటాకి. 140 గ్రెయిన్ల గుండు ఒక్కటి చాలు. భుజం మీద తన్ను .30-06తో పోలిస్తే చాలా తక్కువ. కొలరాడో రూలు ప్రకారం ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్ (గుండు మందం, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల గుండు, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. ఇది ఆ గీతని సులువుగా దాటుతుంది. మిగతా వేటగాళ్ళకి కనబడేలా ఒంటి మీద 500 చదరపు అంగుళాల నారింజ బట్ట మర్చిపోకు, గులాబీ రంగైనా పర్లేదు.

బైరెడ్డిపల్లె_డాలస్:
2007లో పుట్టిన పిల్ల తూటా అది. రేంజిలో కాగితాలకి చిల్లులు పెట్టడానికి బాగుంటుంది. 300 కిలోల మగ ఎల్క్ భుజం ఎముక కాగితం కాదు.

అరగొండ_డెన్వర్:
స్వీడన్‌లో వందేళ్ళకి పైగా 6.5 మిల్లీమీటర్ల గుండుతోనే మూస్ అనే జింకని కొడుతున్నారు. మూస్ ఎల్క్ కంటే పెద్దది. మనుషుల్ని తిన్న రుద్రప్రయాగ చిరుతని 1926లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపింది కూడా .275 రిగ్బీ అనే చిన్న రైఫిల్‌తో. అది ఏనుగుల తుపాకీ ఏం కాదు.

బైరెడ్డిపల్లె_డాలస్:
కార్బెట్ దాకా ఎందుకు? మన మామండూరు, చామల అడవుల్లో పులుల్ని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ దొర చేతిలో ఉండింది .405 వించెస్టర్. 300 గ్రెయిన్ల గుండు! బరువు బరువే.

అరగొండ_డెన్వర్:
ఆయన మంచె మీద కూర్చుని పాతిక గజాల్లో కాల్చేవాడు. కొలరాడో కొండల్లో ఎదుటి గట్టు మీద మూడు వందల గజాల్లో ఎల్క్ నిలబడితే ఆ మొద్దు గుండు దాని కాళ్ళ ముందే నేలలో దిగుతుంది. నా 150, 180 ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదు.

భక్తుడు_తిరుపతి:
కొండ కింద పుట్టి జీవహింస గురించి పోటీలు పడుతున్నారా? గోవిందా!

చంద్రగిరి_కిట్టు:
.308 ఎలా ఉంటుంది? మధ్యేమార్గం కదా?

బైరెడ్డిపల్లె_డాలస్:
.308 అంటే .30-06ని కత్తిరించి 1952లో అమ్మిన సరుకు. మందు పట్టే ఇత్తడి కేసు 63 మిల్లీమీటర్లది ఉండగా 51 ఎందుకు?

తమ్ముడూ, వేటంటే కాలిక్యులేటర్ కాదు. మా తాత చెరువు కట్ట మీద చింతచెట్టెక్కి జంట గొట్టాల తుపాకీతో పందిని ఒక్క దెబ్బకి పడగొట్టేవాడు. మరుసటి రోజు ఊరంతా మా ఇంటి ముందే. ఆ రక్తం రా ఇది. ఇప్పుడు అక్కడ పందిని చూసి డబ్బాలు కొడుతున్నారంట, నవ్వొస్తుంది.

కౌండిన్య_రైతు:
ఇంతవరకూ ఊరికే చదువుతా ఉన్నా. నవ్వొస్తుందా నాయనా?

నాకు మా నాయన కాలం నుంచి పంట కాపలా లైసెన్స్ ఉంది, ఒంటి గొట్టం 12 బోరు. 1972 చట్టం వచ్చినాక పందిని కాల్చేదానికి లేదు. పై అధికారి రాసిచ్చిన అనుమతి ఉంటేనే. లేకుంటే గాల్లో పేల్చాల్సిందే. మాకు 150 గ్రెయిన్లా, 180 గ్రెయిన్లా అన్న చర్చే లేదు. శబ్దం వస్తే చాలు.

2024లో మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చింది. తుపాకీ స్టేషన్లో పెట్టమన్నారు, పెట్టినా. బోరు కింద వేసిన శెనక్కాయ సరిగ్గా పీకే టైము. రెండు రాత్రుల్లో ముక్కాలెకరా దున్నిపెట్టినాయి పందులు. ఫలితాలు వచ్చినాక జూన్‌లో తుపాకీ ఇచ్చినారు, అప్పుడు కాపలా కాసేదానికి చేన్లో ఏముంది? డబ్బాలు కొట్టింది నేనే.

అరగొండ_డెన్వర్:
అన్నా, బాధ అర్థమైంది. కానీ ఈ చర్చ తూటా గురించి.

కౌండిన్య_రైతు:
తూటా గురించే చెప్తా ఉండా. లైసెన్స్ లేనోళ్ళు ఏం చేస్తా ఉండారో తెలుసా? కరెంటు తీగ లాగుతారు. దానికి ఏనుగు పడి చస్తుంది, ఒక్కోసారి మనిషి చస్తాడు. ఇంకొందరు నాటు బాంబు పెడతారు, దాన్ని మేసేది ఎవరిదో ఆవు. వీళ్ళెవరికీ పందిని కొట్టాలని సరదా లేదు.

బైరెడ్డిపల్లె_డాలస్:
అన్నా, దానికి నేనేం చేయాలి? చట్టం నేను రాశానా? దమ్ముంటే ఎమ్మెల్యేని అడగండి, ఇక్కడ ఏడిస్తే ఏం వస్తుంది? బీహార్‌లో కేంద్రం కొన్నాళ్ళు పందుల్ని హానికర జంతువులని ప్రకటించి కాల్చనిచ్చింది. అడిగారు కాబట్టి ఇచ్చారు.

కౌండిన్య_రైతు:
ఏ చెరువు కట్ట అన్నావు? చింతచెట్టు పక్కన కూలిపోయిన మోటబావి ఉందా?

బైరెడ్డిపల్లె_డాలస్:
ఉంది. మీకెలా తెలుసు?

కౌండిన్య_రైతు:
పెద్దింటోళ్ళ చిన్నోడివి. నేను మీ చేనికి పడమట పక్క ఉండేటోన్ని. మీ నాయన పోయినాక ఆ నాలుగెకరాల్లో నాగలి దిగలే. పదకొండేళ్ళు. సర్కారు కంప మనిషెత్తు దాటింది. పందులు పగలంతా పండుకునేది ఎక్కడనుకున్నావు? మీ చేన్లో కాపురం, నా చేన్లో భోజనం. నువ్వు అక్కడ దుడ్లు పెట్టి పందుల్ని కాలుస్తా ఉండావు, ఇక్కడ ఊరికే మేపుతా ఉండావు.

పీలేరు_రాజా:
😶

చంద్రగిరి_కిట్టు:
నేనేమో .308 అని అడిగాను…

అరగొండ_డెన్వర్:
ఇంత దూరం వచ్చాం కాబట్టి నాదీ చెప్తాను. తన్ను గురించి నేను ఊరికే పట్టుబట్టడం లేదు. నా మొదటి సంవత్సరం మందు ఎక్కువ పట్టే మాగ్నమ్ తుపాకీ కొన్నాను. దాని తన్నుకి భయపడి, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకునేవాణ్ణి. ఎల్క్‌కి పొట్టలో తగిలింది. రెండు రోజులు రక్తపు చుక్కలు వెతుక్కుంటూ నడిచాను, మంచు పడింది, దొరకలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు తుపాకీ ముట్టలేదు. ఎంత పెద్ద తూటా అన్నది కాదు కిట్టూ, నువ్వు కళ్ళు తెరిచి కాల్చగలిగే తూటా ఏది? .308 అయితే .308. ఒకటే పెట్టె రకం ఎంచుకుని అక్టోబరు లోపల వంద తూటాలు కాల్చు. రెండు వందల గజాలు దాటితే కాల్చకు.

చంద్రగిరి_కిట్టు:
సరే అన్నా. శనివారం రేంజిలో మూడూ అద్దెకి తీసుకుని కాల్చి చూస్తా.

బైరెడ్డిపల్లె_డాలస్:
రైతన్నా, రాత్రంతా ఇదే ఆలోచించా. నాయన పోయినప్పుడు పదిహేను రోజులు ఉన్నా, ఆ పక్కకే పోలేదు. చేను చూస్తే ఏడుపొస్తుందని. పందుల సంగతి ఎవరూ చెప్పలేదు.

కౌండిన్య_రైతు:
చెప్పేదానికి ఫోన్ నంబరు ఉండాల గదా.

బైరెడ్డిపల్లె_డాలస్:
కంప కొట్టించడానికి జేసీబీ గంటకి ఎంత అడుగుతున్నారు?

కౌండిన్య_రైతు:
1,300. కానీ ఊరికే కొడితే వానలకి మళ్ళీ చిగురేస్తుంది. వేళ్ళతో లేపల్ల. రెండు దినాలు పడుతుంది. చింతచెట్టు ఉంచమంటావా?

బైరెడ్డిపల్లె_డాలస్:
ఉంచండి.