కుర్రాళ్లు అమాయకులా, ఆశపోతులా?

అమలాపురం వాసి: 1987లో అమెరికాలో ఎన్‌బీసీ టీవీలో వచ్చిన ‘బిలియనీర్ బాయ్స్ క్లబ్’ రెండు రాత్రులు కూర్చుని చూశాను. జరిగిన కథే. జో హంట్ అనే మాటకారి లాస్ ఏంజెలెస్‌లో డబ్బున్న ఇళ్ల కుర్రాళ్లని చేరదీసి, పెట్టుబడులు పెట్టించి, చివరికి హత్య దాకా లాక్కెళ్లాడు. నాకైతే ఆ కుర్రాళ్లు పాపం అనిపించింది. మీరేమంటారు?

చెరువుగట్టు (భీమవరం): పాపమేంటండీ! మా వైపు ఓ రొయ్యల బయ్యరు మొదటి రెండు పట్టుబడులకి అందరికంటే కిలోకి పది రూపాయలు ఎక్కువిచ్చాడు, అదీ రొక్కం. మూడో పట్టుబడి సరుకు లారీలకెత్తించుకుని ఐపీ పెట్టేశాడు. మా మావయ్యకి నాలుగు లక్షలు పోయాయి. అంతకుముందు ఆయన నాతో అన్న మాట వినండి: “పక్క చెరువోళ్లకి చెప్పకురా, మన రేటు పోద్ది.” దాన్ని అమాయకత్వం అంటారా?

రాజోలు పిన్ని: మీ మావయ్య పెద్దాయన బాబూ. వీళ్లు ఇరవై దాటీ దాటని పిల్లలు. మా దగ్గర గల్ఫ్ ఏజెంటు కూడా ఏదో వరసకి చుట్టమే అయ్యుంటాడు. వీసా కాగితం ఎవరు చదువుతారు? మనిషిని చూసి డబ్బు కడతారు.

చెరువుగట్టు (భీమవరం): సరే, హంట్ సంగతి? రాన్ లెవిన్ అనే ఇంకో ఘనుడు 50 లక్షల డాలర్ల ఖాతా ఉందని నమ్మించి హంట్ చేత ట్రేడింగ్ చేయించాడు. తీరా చూస్తే ఖాతా ఉత్తిదే. అలాగని హంట్‌ని కూడా పాపం అందామా? 1984 జూన్‌లో లెవిన్ మాయమయ్యాడు, శవం దొరకలేదు. లెవిన్ ఇంట్లో దొరికింది మాత్రం హంట్ చేయాల్సిన పనులు రాసుకున్న ఏడు పేజీల జాబితా. చంపడానికి కూడా పెళ్లి సామాన్ల లిస్టులా రాసుకున్నాడు మహానుభావుడు!

అమలాపురం వాసి: హంట్‌ని నేను వెనకేసుకు రావడం లేదు, అతనికి యావజ్జీవం పడింది. కానీ ఆ నెలలోనే క్లబ్బు వాళ్లని కొందరిని కూర్చోబెట్టి లెవిన్‌ని చంపేశామని తనే చెప్పాడు కదా. అది విన్నాక కొందరు పోలీసుల దగ్గరికి వెళ్లారు. డబ్బు పెట్టినందుకు వాళ్లని తప్పుపట్టను. విన్నాక కూడా ఉండిపోయిన వాళ్లున్నారే, వాళ్ల విషయంలో మాత్రం మీ మాటే ఒప్పుకుంటాను.

రాజోలు పిన్ని: అది న్యాయం. ఇంతకీ మీ మావయ్య డబ్బులొచ్చాయా బాబూ?

చెరువుగట్టు (భీమవరం): ఎక్కడండీ! మొన్న ఆ బయ్యరు కూతురి పెళ్లికి శుభలేఖ వస్తే వెళ్లి, చదివింపులు కూడా ఇచ్చొచ్చాడు.