తొమ్మిదేళ్ల ఆక్వా ల్యాబ్ మూసేసి ఉద్యోగంలో చేరదామనుకుంటున్నా, ఇలా చేసినవాళ్లు ఉన్నారా?

చెరువుగట్టు (కాళ్ల మండలం):

అందరికీ నమస్కారమండి. చదివింది బీఎస్సీ ఆక్వా. రెండేళ్లు ఒక ఫీడు కంపెనీలో టెక్నీషియన్‌గా తిరిగి, 2016లో మా ఊరి సెంటర్లో నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్, దాని పక్కనే రొయ్యల మందుల షాపు పెట్టాను. నేను, ఒక కుర్రాడు. అంతే స్టాఫ్.

మొన్న జరిగింది చెప్తే నా పరిస్థితి అర్థమవుతుంది. ఒక రైతు చెరువు నీళ్ల బాటిల్ ఇచ్చి వెళ్లాడు. హార్డ్‌నెస్, అంటే నీళ్ల కఠినత, చూస్తున్నాను. తెలియనివాళ్ల కోసం: నీళ్లలో చిటికెడు పొడి వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. పైన బ్యూరెట్‌ అనే గాజు గొట్టంలోంచి చుక్క చుక్క వదులుతుంటే ఒకచోట ఠక్కున నీలం తిరుగుతుంది. ఆ చుక్క దగ్గర ఆపాలి. నిద్రలో లేపి చేయమన్నా చేస్తాను. ఆ రోజు నీలం తిరిగింది. నేను చూస్తూనే ఉన్నాను. చెయ్యి మాత్రం కుళాయి కట్టలేదు. సగం బ్యూరెట్ కారిపోయాక కుర్రాడు "అన్నా" అన్నాడు. మళ్లీ మొదటినుంచి చేశాను, మళ్లీ అంతే. రైతుకి రేపు రమ్మని ఫోన్ చేసి షట్టర్ దించేశాను. టైం సాయంత్రం నాలుగు. మా నాన్న పోయిన రోజు తప్ప ఆ వేళప్పుడు నా షట్టర్ ఎప్పుడూ దిగలేదు.

నిద్ర ఉండదండి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి ఆక్సిజన్ తాగేస్తుంది, అందుకని తెల్లవారుజామున 3-5 మధ్య చెరువులో అడుగంటిపోతుంది. అదే టైంకి కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాక నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయా, నాకు ఫోన్. మబ్బు పట్టినా ఫోన్. అమావాస్యకి రొయ్యలు పాత గుల్ల విడిచినా ఫోన్. రైతుని అనడానికి లేదు, ఎకరానికి లక్షలు నీళ్లలో పోసుకుని కూర్చున్నవాడు. కానీ బస్సులో ఎవరి ఫోనైనా నా రింగ్‌టోన్‌తో మోగితే నా కడుపులో దిగ్గుమంటుంది.

డబ్బు సంగతి ఇంకోటి. కంపెనీలు నాకిచ్చే అరువు 45 రోజులు. రైతు నాకిచ్చేది పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక, అంటే 100 రోజులు, ఒక్కోసారి 120. మధ్యలో భారమంతా నా నెత్తినే. వైట్ స్పాట్ (రొయ్యల తెల్లమచ్చ జబ్బు) వచ్చి నలభయ్యో రోజే చెరువు పోతే ఆ బాకీ తర్వాతి పంటకి జరుగుతుంది. ఆ పంటకీ నేనే అరువివ్వాలి, లేకపోతే పాతది రాదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక మా దగ్గర రేటు పడింది, వచ్చేవి కూడా ఆగాయి. ఇప్పుడు పుస్తకంలో నాకు రావాల్సింది 14 లక్షల 60 వేలు. నేను కట్టాల్సింది 5 లక్షల చిల్లర.

షుగరు, థైరాయిడ్ చూపించుకున్నా. అన్నీ నార్మల్. డాక్టరు గారు చీటీ మీద "రెస్ట్" అని రాశారు. అది ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో రాయలేదు.

ఒకటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోయిన నెల ఒక రైతు చెరువు మొత్తం పోయిందని ఏడుస్తూ చెప్తుంటే నాకు ముందు తట్టిన మాట: పోనీలే, ఇక రెండు నెలలు ఇతని ఫోన్ రాదు. ఆ రాత్రే మా ఆవిడతో అన్నాను, ఇక నా వల్ల కాదని.

ఒక ప్రాసెసింగ్ ప్లాంటు ల్యాబ్‌లో ఉద్యోగం ఉంది. సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే సెక్షన్. నెలకి 36 వేలన్నారు. తొమ్మిది నుంచి ఆరు, ఆదివారం సెలవు, సీజన్లో షిఫ్టులు. ల్యాబ్ హెడ్ నాకంటే ఏడేళ్లు చిన్న. మా మావయ్య అయితే "నలుగురికి పని చెప్పినోడివి, ఇప్పుడు ఒకడికి గుడ్ మార్నింగ్ చెప్తావా" అంటున్నాడు. షాపు ఎందుకు మూస్తున్నావని ప్లాంటువాళ్లు అడిగితే ఏం చెప్పాలి? షట్టర్ దింపాక బాకీలు వస్తాయా? అసలు ఇన్నేళ్ల తర్వాత లీవు అడుక్కుని బతకగలనా? పదిహేనో తారీఖు లోపు ప్లాంటుకి చెప్పాలి.

ఫ్లెక్సీ బాబాయ్ (రావులపాలెం):

తమ్ముడూ, ఆ సిగ్గుపడ్డ మాట నాకు బాగా తెలుసు. నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. 2019 ఎన్నికలకి మిషనూ ఆగలేదు, నేనూ ఆగలేదు. ఫలితాలొచ్చాక ఓడినవాడు ఇవ్వలేడు, గెలిచినవాడు కనపడడు. ఆఖరికి ఎవరైనా పోయారని శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి వస్తే నా మనసు ముందు సైజు లెక్క వేసేది. 2022లో మూసేశాను. ఇప్పుడు రాజమండ్రిలో అట్టపెట్టెల మీద ప్రింటింగ్ చేసే చోట సూపర్‌వైజర్‌ని.

నిజం చెప్తా. మొదటి నెల ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవడమే. రెండో నెల ఒళ్లు మండిపోయింది. ఆరవగానే అందరూ బ్యాగు తగిలించుకుని పోతున్నారు, నేనొక్కణ్నే ఉండి ఫ్యాన్లు, లైట్లు కట్టేసి, మిషన్ మీద గుడ్డ కప్పి వెళ్లేవాణ్ని. ఒక రోజు మేనేజర్ పిలిచి "దానికి మనిషి ఉన్నాడండి, మీరెళ్లండి" అన్నాడు. ఎంత అవమానంగా అనిపించిందో! ఇంటికొచ్చి ఆలోచిస్తే, పదకొండేళ్లలో నన్ను "మీరెళ్లండి" అన్నవాడు అతనొక్కడే.

ఉద్యోగంలో చేరగానే బాగైపోతావని అనుకోకు. రింగ్‌టోన్ భయం నాకు ఎనిమిది నెలలు పోలేదు. టెలీ మానస్ అని ప్రభుత్వ నంబరు ఉంది, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రెండుసార్లు చేశాను. ఇలాంటిదాన్ని, బర్నౌట్ అంటారట, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే లెక్కలోకి తీసుకుందని అక్కడి మేడమే చెప్పింది, జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే స్థితిగా. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేసేది సరిగ్గా చేయలేకపోవడం. నీ పోస్టులో మూడూ ఉన్నాయి.

ప్లాంటువాళ్లకి కథలు చెప్పకు. "పని వచ్చండి, అరువు వ్యాపారం నా వల్ల కాలేదు" అను. ఈ జిల్లాల్లో ఆ మాట అర్థం కానివాడు ఉండడు. నువ్వు అడగాల్సింది వేరే ఉంది: సీజన్లో నైట్ షిఫ్టు వరసగా ఎన్ని వారాలు? తెల్లవారుజామున మూడింటికి పాత చోట మేలుకుని, కొత్త చోటా మేలుకుంటే ఇంక మారి ఏం లాభం?

కొబ్బరాకు (అమలాపురం):

అందరూ ఉద్యోగం అంటారు కానీ నేను ఒప్పుకోను. జబ్బు షాపుది కాదు, అరువుది. మందులు ఎత్తేసి ల్యాబ్ ఒక్కటే ఉంచండి. టెస్టుకి రొక్కం. రాత్రి తొమ్మిదికి ఫోన్ ఆఫ్. ఇన్నేళ్ల పేరు పోగొట్టుకుని ఎవడి కిందో చేరడం దేనికి?

చెరువుగట్టు:

అది 2023లో చేశానండి. "అరువు లేదు" అని ఫ్లెక్సీ కట్టించా. పదకొండు రోజులు ఉంది. ఆరుగురు రైతులు పక్క షాపుకి మారారు, వాళ్లతోపాటు వాళ్ల బాకీ కూడా ఆగిపోయింది. ఇక్కడ టెస్టులు ఉచితమండి. మందులు కొంటారని నీళ్లు చూస్తాం. ల్యాబ్ ఒక్కటే ఉంచితే కుర్రాడి జీతం కూడా రాదు.

పద్దుల పుస్తకం (తణుకు):

నేను అకౌంట్లు రాస్తానండి. మనసు సంగతి పెద్దవాళ్లు చెప్పారు, కాగితాల సంగతి చెప్తా.

షట్టర్ దింపకముందే పుస్తకం తీసుకుని ప్రతి రైతు దగ్గరికీ వెళ్లండి. దావా వేయడానికి గడువు సరుకు ఇచ్చిన తేదీ నుంచి 3 ఏళ్లు. 2023 బాకీలు ముందు చూడండి, అవే అంచు మీదున్నాయి. గడువు లోపల "ఇంత బాకీ ఉన్నాను" అని సంతకం పెట్టిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు. ప్రోనోటు ఉంటే ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక అతని చేతే జమ రాయించి సంతకం తీసుకోండి. చాలామంది జమ తామే రాసేసుకుంటారు. కోర్టులో అది నిలబడదు.

జీఎస్టీ నంబరు ఊరికే వదిలేయకండి. పాత రిటర్న్‌లన్నీ వేసి రద్దుకి దరఖాస్తు పెట్టాలి, రద్దయ్యాక 3 నెలల్లో ఆఖరి రిటర్న్, జీఎస్టీఆర్-10. మిగిలిన స్టాకు మీద వాడుకున్న క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చిన తగ్గింపు) తిరిగి కట్టాల్సొస్తుంది కాబట్టి స్టాకు ముందే తగ్గించుకోండి.

ఆ 36 వేలు చేతికా, కంపెనీ పీఎఫ్ వాటా కలిపా అని అడగండి. 15,000 బేసిక్ మీద కట్టే చోటైతే మీ జీతంలోంచి 1,800 పోతుంది, కంపెనీ ఇంకో 1,800 వేస్తుంది, అందులో 1,250 పెన్షన్‌కి. ఈ జీతానికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆసుపత్రి పథకం) వర్తిస్తుందో లేదో కనుక్కోండి. ఆరోగ్య బీమా ఇస్తున్నారా అన్నది తప్పక అడగండి.

ఉండి రైతు (ఉండి మండలం):

నాకు నాలుగెకరాల చెరువు. చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మా ల్యాబ్ అబ్బాయికి నేనూ రాత్రి రెండున్నరకి చేస్తాను. ఏరియేటర్ వేయాలని, ఆక్సిజన్ గుళికలు చల్లాలని నాకు తెలియక కాదు బాబూ. ఆ చీకట్లో గట్టు మీద ఒక్కణ్నే ఉండి, రొయ్యలు నీళ్ల పైకి వచ్చి అంచుకి చేరుతుంటే చూడలేక చేస్తాను. అటు మనిషి గొంతు వినపడితే చాలు. ఆ గొంతు నీదైతే నీకేమవుతుందో ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

వెళ్తే వెళ్లు. కానీ చెరువులు డెబ్భయ్యో రోజులో ఉండగా చెప్పకు. సగం పంటలో వదిలేసి పోయాడన్న పేరొస్తే బాకీ అడగడానికి నీకు నోరుండదు. పట్టుబడులయ్యాక, చెరువులు ఎండగట్టే రోజుల్లో చెప్పు. ఫోన్లో కాదు, గట్టు మీదకొచ్చి చెప్పు. ఫలానా ల్యాబ్‌కి నీ చెరువు రికార్డు ఇచ్చాను, ఇకనుంచి అతను చూస్తాడని చెప్పు. అలా చెప్పినోడికి ఎగ్గొట్టేవాళ్లు తక్కువ. లేరని మాత్రం చెప్పను.

చెరువుగట్టు:

అందరికీ పేరుపేరునా థాంక్సండి. ప్లాంటువాళ్లని కలిశాను. బాబాయ్ చెప్పినట్టే ఒక్క ముక్కలో చెప్పా. ల్యాబ్ హెడ్ నవ్వి, వాళ్ల నాన్నది ఎరువుల షాపేనంది. నైట్ షిఫ్టు సీజన్లో నెలకి ఒక వారమట. 36 వేలు కంపెనీ వాటా కలిపేనట, చేతికి తగ్గుతుంది. చేరడానికి నెలన్నర గడువడిగితే ఒప్పుకున్నారు. నా రైతుల్లో తొమ్మిది మంది పట్టుబడులు ఈలోపు అయిపోతాయి. మిగతా ముగ్గురి చెరువుల సంగతి కుర్రాడితో మాట్లాడాలి, అతను పక్క ల్యాబ్‌లో చేరుతున్నాడు.

నిన్నటినుంచి పుస్తకం పట్టుకుని తిరుగుతున్నా. నలుగురు సంతకం పెట్టారు. ఒకాయన పెట్టనన్నాడు కానీ కాఫీ ఇచ్చాడు.

ఉండి రైతుగారూ, మీ జవాబు చదివిన రాత్రే మూడింటికి ఫోన్ మోగింది. ఎత్తాను. ఏరియేటర్లు వేశాడట, గుళికలూ చల్లాడట. ఇంకేం చేయాలని అడిగాడు. ఏమీ లేదు, కాసేపు లైన్లో ఉండు అన్నాను. ఇద్దరం ఏరియేటర్ల చప్పుడు వింటూ పది నిమిషాలున్నాం.