స్కూల్ వాళ్ళు ట్రైనింగ్ చూసుకోమంటున్నారు, ఎక్కడ దొరుకుతుంది?

చిన్నోడి అమ్మ:
అందరికీ నమస్తే. పొద్దున పదింటికి ఫోన్ పట్టుకున్నా, ఇప్పుడు మూడైంది, అన్నం కూడా తినలేదు, ఒక్క దారీ కనపడట్లా. నిన్న మళ్ళీ స్కూల్ నుంచి ఫోన్, మీవాడు క్లాసులోంచి పరిగెత్తి పోతున్నాడు, పట్టుకుంటే కొరుకుతున్నాడు, ఇలాంటి పిల్లల్ని ఎలా చూడాలో మాకెవరూ నేర్పలేదమ్మా, ఎక్కడన్నా ట్రైనింగ్ ఉంటే మీరే చూడండి అన్నారు. యూట్యూబ్‌లో అన్నీ ఇంగ్లీషువే. ఒకాయనకి ఫోన్ చేస్తే నలభై వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరమన్నాడు. నాకూ టీచర్ గారికీ ఇద్దరికీ పనికొచ్చేది ఎక్కడుందో చెప్పండి ప్లీజ్.

నైట్ డ్యూటీ:
వయసెంత? ఏ ఊరు? డాక్టర్ ఏమన్నారు? గవర్నమెంట్ బడా, ప్రైవేటా?

సికింద్రాబాద్ నాన్న:
అమ్మా, ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు వైకల్యం సర్టిఫికెట్ ఉందా? యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డు, లేకపోతే రేపు పెన్షన్ కైనా దేనికైనా తిప్పుతారు, వైకల్యం 40 శాతం, ఆపైన రాస్తేనే చాలా వాటికి లెక్కలోకి వస్తారు. ఇలాంటి పిల్లల కోసం కేంద్రం పెట్టిన నిరామయ ఇన్సూరెన్స్ కూడా చూడండి, లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది, థెరపీకి కూడా. మా పాపకి ఈ కాగితాల కోసం రెండేళ్ళు తిరిగాను, అందుకే ఎవరు కనపడినా ముందు ఇదే చెప్తా.

రిటైర్డ్ హెచ్ఎం:
మందబుద్ధి పిల్లలకి మామూలు బడి కష్టమమ్మా. ఒక్క టీచర్ రెండు క్లాసులు చూస్తూ వీడి వెనకాల ఎలా పరిగెత్తుతుంది? ఆ టీచర్ వైపు నుంచి కూడా ఆలోచించండి.

సికింద్రాబాద్ నాన్న:
మాస్టారూ, ఆ మాట వాడొద్దు సార్. పిల్లాడికి ఏముందో ఆవిడ ఇంకా చెప్పనేలేదు.

రిటైర్డ్ హెచ్ఎం:
మేం చదువుకున్న పుస్తకాల్లో అదే మాట బాబూ. మీ ఊళ్ళో మనోవికాస్ నగర్‌లో ఉన్న సంస్థ పేరు కూడా 1984లో పెట్టినప్పుడు మానసిక వికలాంగుల జాతీయ సంస్థే కదా. ఒకసారి వికలాంగులు అంటారు, ఒకసారి దివ్యాంగులు అంటారు, మా ఆంధ్రాలో శాఖ పేరేమో విభిన్న ప్రతిభావంతులు. పేర్లు మారుస్తూ పోతే టీచర్లు పెరుగుతారా?

సికింద్రాబాద్ నాన్న:
ఆ సంస్థ కూడా పేరు మార్చుకుంది సార్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ సాధికారత జాతీయ సంస్థ. మందబుద్ధి అన్న మాట మా పాప ముందే అన్నారు ఒకసారి, అది ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటూ పదే పదే అదే మాట అనుకుంది. అందుకని చెప్తున్నా.

చిన్నోడి అమ్మ:
సారీ, అన్నీ రాశాననుకున్నా. బాబుకి ఆరున్నర, ఒకటో తరగతి, మార్కాపురం దగ్గర పల్లెటూరు, మండల పరిషత్ స్కూల్. గుంటూరు డాక్టర్ ఆటిజం అన్నారు. మాటలు తక్కువ, కానీ వాడు చెప్పేవన్నీ నాకర్థమవుతాయి.

భవిత కేంద్రం టీచర్:
అమ్మా, నేను ఐఈఆర్పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే టీచర్‌గా చేస్తాను, మీది కాదు వేరే జిల్లా. మండలానికి ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రం ఉంటుంది, మీ ఎంఈఓ ఆఫీసులో అడగండి, నలభై వేలు అక్కర్లేదు. మాలాంటి వాళ్ళు మీ స్కూల్‌కి కూడా వస్తారు, టీచర్ గారితో కూడా కూర్చుంటారు, పంపమని హెచ్ఎం గారిచేత ఒక లెటర్ రాయించండి. దీక్ష యాప్‌లో టీచర్ల కోసం నిష్ఠ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ ఉంది, అందులో ఇలాంటి పిల్లల మీద పాఠం ఉంది. అయితే అది చూసినంత మాత్రాన రేపు బాబు ఆగడు కాబట్టి ఒకటి అడుగుతా, వాడు రోజూ ఏ టైంకి పరిగెత్తుతున్నాడు?

చిన్నోడి అమ్మ:
ఎప్పుడూ చూసుకోలేదు మేడమ్. ఆగండి, టీచర్ గారిని అడుగుతా.
అడిగాను. పన్నెండింటికి కాస్త ముందంట, రోజూ దాదాపు అప్పుడే. వంటావిడ స్టీల్ ప్లేట్లు కడిగి వరండాలో దొంతర పెట్టే టైం అది. ఇంట్లో కూడా నేను గిన్నెలు సర్దుతుంటే చెవులు మూసుకుని పెరట్లోకి పోతాడు.

భవిత కేంద్రం టీచర్:
అదేనమ్మా, మాట వినక పోవట్లేదు వాడు, ఆ మోత పడట్లేదు వాడికి. రేపట్నుంచి ప్లేట్లు కదపకముందే హాజరు పట్టీ చేతికిచ్చి హెచ్ఎం గదికి పంపమనండి, తోడు ఒక పెద్ద పిల్లని పంపాలి. ఒక అట్ట మీద రెండు ఫొటోలు అంటించండి, ముందు హెచ్ఎం గది, తర్వాత అన్నం ప్లేటు, మాటలకన్నా అది వాడికి త్వరగా ఎక్కుతుంది. వెనకనుంచి పట్టుకోవద్దని చెప్పండి, ఎదురుగా వచ్చి అట్ట చూపించాలి. ఇంకా ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీయండి, ఎన్నింటికి, అంతకు ముందు ఏం జరిగింది, తర్వాత మనం ఏం చేశాం అని వారం రోజులు రాయండి, ఒక పేజీ మీరు, ఒక పేజీ టీచర్ గారు. భవితకి వెళ్ళేటప్పుడు అది పట్టుకెళ్ళండి.

రిటైర్డ్ హెచ్ఎం:
ఇది బాగుంది. ప్లేట్లు కింద గోనెపట్టా వేసి పెట్టమన్నా మోత తగ్గుతుంది. మా బడిలో ఒక పిల్లవాడు అలాగే పారిపోయేవాడు, మేం కొట్టేవాళ్ళం. మోత సంగతి ఎవరూ చెప్పలేదు మాకు.

నైట్ డ్యూటీ:
నలభై వేలాయన్ని ఆర్‌సీఐ (ప్రత్యేక టీచర్లని, థెరపిస్టుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. చెప్పకపోతే పైసా కట్టొద్దు.

సికింద్రాబాద్ నాన్న:
మరి సర్టిఫికెట్‌కి అప్లై చేశారా అమ్మా?

చిన్నోడి అమ్మ:
హెచ్ఎం గది ఫొటో టీచర్ గారు పంపారు, ప్రింట్ కి ఇచ్చా. గోనెపట్టా మా ఇంట్లోదే ఇస్తా. థాంక్స్ మేడమ్, థాంక్స్ మాస్టారూ, వాడు లేచాడు, మళ్ళీ వస్తా.