62 వేలు తిరిగిన స్ప్లెండర్, ఘాటీలో లాగట్లేదు: 20డబ్ల్యూ-50 పొయ్యాలా?

రాయగడ:
పెద్దలకి నమస్కారం. స్ప్లెండర్ ప్లస్, 2017, కార్బురేటర్ బండి, 62 వేల కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, అప్పుడప్పుడు సుంకి ఘాటీ దిగి సాలూరు. వెనక మనిషో 50 కిలోల బస్తావో ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరు ఆయిల్ తగ్గుతోంది. పోయినసారి ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి ఎక్కుడులో ఇంజన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదు. "పాత ఇంజన్ కదా, 20డబ్ల్యూ-50 చిక్కటి ఆయిల్ పొయ్యి" అంటున్నారు షెడ్డులో. పొయ్యొచ్చా?

జయపురం, మెకానిక్:
తమ్ముడూ, ఇవి రెండు వేరువేరు జబ్బులు. ఆయిల్ తగ్గడం ఒకటి, క్లచ్ జారడం (ఇంజన్ తిరిగినా ఆ బలం చక్రానికి అందకపోవడం) ఇంకొకటి.

ముందు క్లచ్ సంగతి. ఆ ఆయిల్ డబ్బా ఇంకా ఉంటే వెనక్కి తిప్పి చూడు. "జాసో ఎం.ఏ." గానీ "ఎం.ఏ.2" గానీ ఉండాలి. అది తడి క్లచ్ బళ్ళకి జపాన్ వాళ్ళ ఆయిల్ గుర్తు. మన బండిలో ఇంజన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో తడుస్తాయి. కారులో క్లచ్ పొడిగా బయట ఉంటుంది, అందుకని కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలపడానికి అడ్డు లేదు. అవే మన క్లచ్ ప్లేట్ల మీదకొస్తే ప్లేట్లు పట్టవు. గేరులేని స్కూటర్లకి వచ్చే ఎం.బి. ఆయిల్‌ది కూడా అదే కథ. మన వైపు దుకాణంలో "మోబిల్ ఇవ్వు" అంటే చేతికందిన డబ్బా ఇస్తాడు. "10డబ్ల్యూ-30, ఎం.ఏ." అని నోటితో చెప్పి అడగాలి. ఏపీఐ ఎస్‌ఎల్ గానీ ఆపైది గానీ (ఆయిల్ నాణ్యత తరగతి) అయితే చాలు.

క్లచ్ లీవర్ కొస దగ్గర ఆట 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉందా కొలువు. ఆట అసలు లేకపోతే ఏ ఆయిల్ పోసినా జారుతుంది.

గుణుపురం:
20డబ్ల్యూ-50 గురించి నేను చెప్తాను. ముందు అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనం, వెనక అంకె వేడెక్కాక. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య, 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. అంటే సగటున ఒకటిన్నర రెట్లు పైనే. స్ప్లెండర్ పంపు, సన్నటి దారులు 10డబ్ల్యూ-30కి కట్టినవి. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టు ఉండేది పైన హెడ్‌లో. డిసెంబరులో కోరాపుట్ చలికి పొద్దున్నే స్టార్ట్ చేస్తే చిక్కటి ఆయిల్ అక్కడిదాకా చేరడం ఆలస్యం, అంతసేపూ క్యామ్, రాకర్లు పొడిగా రాసుకుంటాయి. మైలేజీ కూడా పడుతుంది.

బుల్లెట్ 350కి 15డబ్ల్యూ-50 అని ఆ కంపెనీవాళ్ళే చెప్తారు. దాన్ని చూసి దీనికి పొయ్యకూడదు.

రాయగడ:
మరి ఆయిల్ ఎటు పోతున్నట్టు గురువుగారూ? కింద చుక్క లేదు. పొద్దున్న స్టార్ట్ చేస్తే ఒక నిమిషం నీలం పొగ, తర్వాత ఉండదు. ఘాటీ దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని గేరులోనే తాళం ఆపేస్తుంటాను.

జయపురం, మెకానిక్:
పొద్దున్న మాత్రమే పొగ అంటే ముందు అనుమానం వాల్వు కాడల దగ్గర ఆయిల్ ఆపే సీల్స్ మీద. రాత్రంతా హెడ్‌లోని ఆయిల్ కాడల వెంట కిందకి జారుతుంది. ఎక్కుడులో యాక్సిలేటర్ తిప్పినప్పుడు పొగ వస్తే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే గొట్టం). తేల్చుకోవాలంటే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) గేజి పెట్టించు. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి సిరంజితో 5 ఎం.ఎల్. ఆయిల్ వేసి మళ్ళీ చూడాలి. రీడింగు బాగా పెరిగితే రింగులు పోయినట్టే. కదలకపోతే వాల్వుల వైపు చూడాలి. సీల్స్ చవక, హెడ్ విప్పే కూలీయే ఎక్కువ.

తాళం ఆపడం మాత్రం ఈ రోజే మానెయ్. గేరులో ఉండగా ఆపితే పిస్టన్ తిరుగుతూనే ఉంటుంది, కార్బురేటర్ పెట్రోలు పంపుతూనే ఉంటుంది, మంట ఉండదు. ఆ పచ్చి పెట్రోలు బోరు మీది ఆయిల్ పొరని కడిగేసి కిందకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. మళ్ళీ తాళం వేస్తే సైలెన్సర్‌లో ఢాం. న్యూట్రల్లో ఆపితే ఆయిల్ పంపే ఆగిపోతుంది, పైగా ఇంజన్ బ్రేకు ఉండదు. ఇంజన్ నడుస్తూ రెండో గేరో మూడో గేరో వేసి దిగాలి. కలిసొచ్చే పెట్రోలుకి బోరు ఖర్చు ఎన్ని రెట్లో లెక్కేసుకో.

పర్లాకిమిడి:
ఎయిర్ ఫిల్టర్ ఊసు ఎవరూ ఎత్తలేదు. బాక్సైట్ లారీలు తిరిగే ఎర్రదుమ్ము దారి అది. దుమ్ములోని ఇసుక రేణువు బోరు ఇనుముకన్నా గట్టిది, లోపలికెళ్తే ఆకురాయిలా పనిచేస్తుంది. స్ప్లెండర్‌లో నూనె తడి ఉన్న కాగితం ఫిల్టరైతే గాలి కొట్టి శుభ్రం చెయ్యకూడదు, మార్చెయ్యాలి. కార్బురేటర్ వెనక రబ్బరు గొట్టం పగిలిందేమో, క్లిప్పు వదులైందేమో కూడా చూడండి. అక్కడ సందు ఉంటే కొత్త ఫిల్టర్ వేసీ లాభం లేదు.

ఇంకోటి. దీనికి విడిగా మార్చే ఆయిల్ ఫిల్టర్ లేదు. కుడివైపు క్లచ్ కవరు లోపల గిర్రున తిరిగే డబ్బా ఉంటుంది, మడ్డి దాని గోడలకి అంటుకుంటుంది. కింద జాలీ ఉంటుంది. 62 వేలలో ఎన్నిసార్లు విప్పారో! క్లచ్ ప్లేట్లు చూడటానికి కవరు తీసినప్పుడే రెండూ కిరసనాయిల్‌తో కడిగించి, గుడ్డతో తుడిచి, కొత్త గాస్కెట్ వేయించండి.

రాయగడ:
ఆయిల్ నేనే మార్చుకోవచ్చా?

గుణుపురం:
మార్చుకోవచ్చు. బండి ఐదు నిమిషాలు తిప్పి సెంటర్ స్టాండ్ వెయ్యి. 17 నంబరు పానాతో డ్రెయిన్ బోల్టు తీసి పది నిమిషాలు వదిలెయ్. వాషర్ కొత్తది వెయ్. బోల్టు చేత్తో చివరిదాకా తిప్పాకే పానా పెట్టు. బోల్టు పట్టే ఇంజన్ కేసు అల్యూమినియం, బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. 900 ఎం.ఎల్. డబ్బా కొను, ముందు 700 పొయ్యి, రెండు నిమిషాలు తిప్పి ఆపు, రెండు నిమిషాలు ఆగు. ఆయిల్ మట్టం చూసే గేజి తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూస్తూ పై గీత వరకే మిగతాది కలుపు. డీజిల్ పోసి కడగొద్దు, మూలల్లో మిగిలేది కొత్త ఆయిల్‌ని పాడుచేస్తుంది. ఈ బరువుకి, ఈ ఘాటీలకి 3 వేలకోసారి మార్చడం నయం. మధ్యలో 500కోసారి గేజి చూడు. ఖాళీ డబ్బాకి కన్నం పెట్టి పారెయ్, లేకపోతే నకిలీ నింపి అమ్ముతారు.

రాయగడ:
లీవర్ ఆట 15 ఉంది. డబ్బా దొరికింది, 10డబ్ల్యూ-30 అనే ఉంది గానీ కింద ఎం.బి. అని రాసుంది. అదే రకం ఇంకోటి సీలు విప్పకుండా ఉంది.

జయపురం, మెకానిక్:
దొరికింది దొంగ. దింపేసి ఎం.ఏ. పొయ్యి, 300 కిలోమీటర్లు నడిపి మళ్ళీ మార్చు. ప్లేట్లలో ఇంకినది ఒక్కసారికి పోదు. అప్పటికీ జారితే ప్లేట్లు, స్ప్రింగులు సెట్టుగా మార్చాలి. కొత్త ప్లేట్లని బిగించేముందు కాసేపు ఎం.ఏ. ఆయిల్‌లోనే నానబెట్టమను. ఆ సీలు డబ్బా ఎవరి స్కూటీకైనా ఇచ్చెయ్, వాళ్ళకి సరిగ్గా అదే కావాలి.