సుబ్బారావుగారి సైటేషన్లు లెక్కపెడితే ఏం తేలుతుంది?

ఫార్మకాలజీ_మాస్టారు:
మెడికల్ కాలేజీల్లో ప్రమోషన్‌కి ఇన్ని పేపర్లు ఉండాలనడం, ఇంటర్వ్యూలో హెచ్-ఇండెక్స్ అడగడం మామూలైపోయింది (పది పేపర్లకి ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో ఉదహరించడాలు, ఉంటే హెచ్-ఇండెక్స్ పది). ఇది తప్పని నా వాదన. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారినే తీసుకోండి. ఆయన పేరుమీద విపరీతంగా ఉదహరించేది 1925లో హార్వర్డ్‌లో తన పైవాడైన ఫిస్క్‌తో కలిసి రాసిన పేపరు, ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి. మనం బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నీలిరంగు తెప్పించి రీడింగ్ రాసుకున్నదే. గొప్ప పద్ధతి, కాదనను. కానీ 1948 జూన్‌లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ప్రచురించిన పేపరు సంగతేమిటి? లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. కీమోథెరపీకి దారి వేసిన పని అది. ఆ మందు లెడర్లీ అనే అమెరికన్ మందుల కంపెనీలో సుబ్బారావుగారి బృందం నుంచి వెళ్లింది. రచయితల వరుసలో ఆయన పేరు లేదు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే పోయారు. అంకెలు మాత్రమే చూసే కమిటీకి ఆయన ఫాస్ఫరస్ కొలిచిన మనిషి, అంతే!

చిన్నూరి_పీజీ:
మాస్టారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. ఆయనకి అన్యాయం జరిగింది పేపర్లు లెక్కపెట్టినందుకు కాదు, పేపర్లు బయటికి రానివ్వనందుకు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకి ముడిసరుకైన అణువులు) ఫిస్క్ అసూయవల్ల వెలుగు చూడలేదనీ, వాటిని వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ చెప్పింది 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్. పెద్దవాళ్ల నోటిమాటమీద నడిచేచోట నష్టపోయేది మాలాంటివాళ్లమే. సెలెక్షన్ కమిటీలో నాకు తెలిసినవాళ్లెవరూ ఉండరు. ముక్కూమొహం తెలియని పరిశోధకుడు నా పేపరు ఉదహరించాడంటే అది మా హెచ్‌వోడీ దయ కాదు. ఆ ఒక్క ఆధారమూ తీసేస్తే మిగిలేది సిఫారసే.

లైబ్రరీ_అక్క:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ ఆ అంకె ఎలా పుడుతుందో కూడా చూడు. ఎంఎంఆర్ టీకాని ఆటిజంతో ముడిపెడుతూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 1998లో వైద్యపత్రిక లాన్సెట్‌లో పేపరు వేశాడు. 12 మంది పిల్లలమీద రాసింది. 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. అది తప్పని నిరూపించడానికి ఉదహరించినా దాని సైటేషన్లు పెరుగుతూనే ఉంటాయి. ఇక పాఠ్యపుస్తకాల్లో కలిసిపోయిన పనికి రివర్సు: కణాలకి శక్తినిచ్చే ఏటీపీ గురించి రాసే ప్రతివాళ్లూ 1929 నాటి ఫిస్క్-సుబ్బారావు పేపరుని ఉదహరిస్తారా? అదే ఏడాది విడిగా ఏటీపీని కనుక్కున్న లోమన్‌దైనా అంతే. పద్ధతులు చెప్పే పేపర్లకే పంట. ప్రొటీన్ కొలిచే లౌరీ 1951 పేపరుకి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి, అదేమంత గొప్ప పేపరు కాదని లౌరీయే అన్నారు. హెచ్-ఇండెక్స్ అయితే 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించింది. నలభైమంది రాసిన పేపరులో నలభైవ పేరుకీ మొదటి పేరుకీ తేడా దానికి తెలియదు. అనాటమీ మనిషినీ కార్డియాలజీ మనిషినీ దాంతో పోల్చడం అసలు కుదరదు.

చిన్నూరి_పీజీ:
సరే అక్కా, ఒప్పుకున్నా. బదులు ఏం పెడతారు?

కోస్తా_డాక్టర్:
మధ్యలో ఒక మాట. మా గోదావరి పల్లెల్లో బోదకాలు రాకుండా పంచిన డీఈసీ మాత్ర కూడా లెడర్లీదే. ఎలుకల్లో, కుక్కల్లో దాని పనితనం చూపిన 1947 పేపరులో సుబ్బారావుగారి పేరు అందరికంటే చివర ఉంటుంది. మొదటి పేరుకే మార్కులంటే ఈయనకి సున్నా. ప్రమోషన్ రూల్సు రాసేవాళ్లు ఇది చూడాలని నా కోరిక.

ఫార్మకాలజీ_మాస్టారు:
పీజీగారూ, బదులు ఉంది. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరుతో (దాని పేపర్లకి సగటున వచ్చే సైటేషన్లతో) మనిషిని తూచొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోరా ప్రకటన తయారైంది. అభ్యర్థి తన మూడు నాలుగు పేపర్లు తానే ఎంచి ఇవ్వాలి. అందులో తన చెయ్యి ఎంతో రాయాలి. కమిటీ వాటిని చదివి ప్రశ్నలు వెయ్యాలి. డబ్బు కట్టి వేయించుకున్న పేపరూ, పేరు మాత్రం ఇరికించుకున్న పేపరూ పది నిమిషాల ప్రశ్నల్లోనే బయటపడతాయి. డబ్బు తీసుకుని ఏదైనా వేసే పత్రికలు బతుకుతున్నది ఈ లెక్కలవల్లే.

చిన్నూరి_పీజీ:
చదివే కమిటీ అయితే నేను రేపే కూర్చుంటాను. కానీ అందులో సగంమంది బయటి రాష్ట్రాల సబ్జెక్టువాళ్లు ఉండాలి. ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తీసుకోలేదో కాగితంమీద కారణం ఇవ్వాలి. అది రూల్‌గా వచ్చేదాకా నా సైటేషన్లు నేను వదులుకోను మాస్టారూ.