రాగమాలకు టికెట్ పెట్టాలా? షికాగో వేసవి కచేరీలపై చర్చ

నేపర్‌విల్ శ్రోత

షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువారిని ఒక మాట అడగాలనిపించి ఇది రాస్తున్నాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ నగరంలో దేశదేశాల సంగీతం పైసా ఖర్చు లేకుండా వినవచ్చు. మిలీనియం పార్కులో సాయంకాలపు కచేరీలు ఉన్నాయి. వేసవి చివర ప్రపంచ సంగీతోత్సవం వస్తుంది. 1999లో మొదలైన ఆ ఉత్సవంలోనే మన రాగమాల ఉంది: కల్చరల్ సెంటర్‌లో సాయంత్రం ఆరింటికి మొదలై మర్నాడు ఉదయం ఎనిమిదింటి దాకా సాగే హిందుస్తానీ, కర్ణాటక కచేరీలు. అన్నిటికీ ప్రవేశం ఉచితం.

ఇది మంచిది కాదని నా అభిప్రాయం. పది డాలర్లయినా సరే, టికెట్ ఉండాలి. ఎందుకో చెబుతాను. జూలైలో పశ్చిమ ఆఫ్రికా కోరా విద్వాంసుడు ఒకరు వాయిస్తున్నారంటే పార్కుకు వెళ్లాను. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, తోలు బిగించి, పొడవాటి కర్రకు 21 తీగలు కట్టిన వాద్యం అది. రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు, అంతే. ఆ నాలుగు వేళ్లతోనే ఆయన కింద ఒక నడక నిలబెట్టి, దాని మీద పాట పలికిస్తున్నారు. నా ముందు పచ్చిక మీద కూర్చున్న కుటుంబం భోజనం డబ్బాలు విప్పుకొని, ఇంటి అప్పు వడ్డీ గురించి గంటసేపు మాట్లాడుకుంది. టికెట్ కొని వచ్చినవాళ్లయితే అలా మాట్లాడేవారా?

డెవాన్ వీధి

శ్రోత గారూ, మీ బాధ నాకు తెలుసు, కానీ మీ మందు రోగం కంటే కీడు చేస్తుంది.

నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో డెవాన్ వీధిలో ఒక కిరాణా కొట్టులో పని చేసేదాన్ని. కారు లేదు. అప్పట్లో నలుగురం కచేరీకి వెళ్లాలంటే తలకు పది డాలర్ల చొప్పున నలభై డాలర్లు, అంటే వారం సరుకులు. ఉచితం కాబట్టే వెళ్లాం. మా అబ్బాయి ఏడేళ్ల వయసులో మొదటిసారి వీణను దగ్గరగా చూసింది అక్కడే. కచేరీ అయ్యాక వీణ వాయించినావిడ వాణ్ని పిలిచి, వీణ మెట్ల కింద ఉన్న నల్లటి మైనాన్ని తాకనిచ్చారు. వాడు ఇంటికొచ్చి, ఆ వేలు కడుక్కోకుండానే నిద్రపోయాడు.

మాది తెనాలి దగ్గర పల్లె. శ్రీరామనవమికి బజారులో తాటాకు పందిరి వేసి, తొమ్మిది రాత్రులు హరికథలు, పాట కచేరీలు పెట్టేవారు. టికెట్ అన్న మాటే లేదు. బియ్యం మిల్లు యజమాని, బట్టల కొట్ల వర్తకులు చందాలు వేసేవారు. భాగవతారు గారికి సంభావన తాంబూలంలో పెట్టి ఆ రాత్రే చేతికి ఇచ్చేవారు. రిక్షా లాగేవాళ్లు రిక్షాలను పందిరి చివర నిలిపి, వాటిలోనే కూర్చుని వినేవారు. మా నాన్నగారికి మోహన రాగాన్ని గుర్తుపట్టడం నేర్పినది అలాంటి ఒక రిక్షా మనిషే. పందిరికి గేటు పెట్టి ఉంటే ఆయనకు ఆ రాగం ఎవరు చెప్పేవారు?

షికాగోలో కూడా ఇది నిన్న మొన్నటి మాట కాదు. గ్రాంట్ పార్కులో ఉచిత కచేరీలు 1935లో మొదలయ్యాయి. మహామాంద్యం రోజులు. సంగీతకారుల సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో పట్టుబట్టి వాటిని పెట్టించారు. పని లేని వాద్యగాళ్లకు కూలి దొరకాలి, జేబులో డబ్బు లేని జనం పాట వినాలి. ఆ రెండూ కలిసి పుట్టిన ఏర్పాటు ఇది. ఇక నగర సాంస్కృతిక శాఖకు డబ్బు ఎక్కువగా వచ్చేది హోటల్ గదుల మీద వేసే పన్ను నుంచి. ఊరు చూడవచ్చినవాళ్లు కట్టే డబ్బుతో ఊరివాళ్లు పాట వింటున్నారు. ఇందులో ఎవరికి అన్యాయం జరిగింది?

మృదంగం, అరోరా

వేదిక మీద కూర్చునేవాణ్ని కాబట్టి నా వైపు నుంచి కొంచెం వివరంగా రాస్తాను.

బయట కచేరీ అంటే మాకు మొదటి శత్రువు గాలిలో తేమ. ఆగస్టు సాయంత్రం సరస్సు మీదుగా వచ్చే గాలికి మృదంగం మీది చర్మం సడలిపోతుంది, శ్రుతి కిందికి జారుతుంది. ఎండ తగిలితే బిగిసి పైకి పోతుంది. ఎడమ వైపు బొంబాయి రవ్వ ముద్ద పెట్టి తడి సరిచూసుకొని, కుడి వైపు రాయి, పుల్ల పట్టుకొని చుట్టూ తట్టుకుంటూ రావాలి. ఉత్సవాల్లో మాకిచ్చేది పదిహేను నిమిషాలు. ముందు వాయించిన బృందం డ్రమ్ములు తీస్తుండగానే మేం శ్రుతి చూసుకోవాలి. ఇదంతా ఫిర్యాదు కాదు. జనం వింటారంటే ఎంత ఇబ్బందికైనా సిద్ధమే.

నాకు కష్టం కలిగించింది వేరే ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక వేసవి ఉత్సవంలో వాయించాను, పేరు అనవసరం. ఉచిత కార్యక్రమం కదా, సేవగా భావించండి అన్నారు. లైట్లవారికి, మైకులవారికి ఆ రాత్రే చెక్కులు ఇచ్చారు. మాకు ఒప్పుకున్న చిన్న మొత్తం మూడు నెలలు తిరిగాక, నాలుగు ఉత్తరాలు రాశాక వచ్చింది. ఉచితం అన్న మాట శ్రోతకు వర్తించాలి, వాయించేవాడికి కాదు.

విదేశాల నుంచి వచ్చేవారి సంగతి ఇంకా కష్టం. 2024 ఏప్రిల్ నుంచి కళాకారుల పి వీసా దరఖాస్తు రుసుము 460 డాలర్ల నుంచి 1,015 డాలర్లకు పెరిగింది. చిన్న సంస్థలకు, లాభాపేక్ష లేనివాటికి 510. పెద్ద సంస్థలు దాని మీద ఇంకో 600 కట్టాలి. న్యాయవాది ఖర్చు వేరు, విమానం టికెట్లు వేరు. మాలి నుంచి ఆరుగురు రావాలంటే తొలి స్వరం పలకకముందే ఎంత ఖర్చవుతుందో ఊహించండి.

నేపర్‌విల్ శ్రోత

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే నా మాటే బలపడుతోంది. ఖర్చులు ఇంతగా పెరిగినప్పుడు వినేవాడు పది డాలర్లు ఇవ్వడం న్యాయం కాదా? డెవాన్ వీధి గారి పందిరి జ్ఞాపకం నా మనసును తాకింది. కానీ ఆ పందిరికి చందా వేసిన మిల్లు యజమానులు ఇప్పుడు ఎక్కడున్నారు? మనలో ఎంతమందిమి సంగీత సభలకు విరాళం ఇస్తున్నాం?

ఒక విద్యార్థి

నేను వచ్చి ఏడాది అయింది. రాగమాల అంటే ఏమిటో తెలియక కల్చరల్ సెంటర్‌లోకి వెళ్లాను. ఫోనులో చార్జింగు అయిపోయింది, ఎక్కడైనా కాసేపు పెట్టుకుందామని. 1897లో గ్రంథాలయంగా కట్టిన భవనం అది, లోపలికి ఎవరైనా వెళ్లవచ్చు. పై అంతస్తులో గాజు గుమ్మటం కింద జనం దుప్పట్లు పరుచుకొని కూర్చున్నారు. సారంగి వాయిస్తున్నారు. పది నిమిషాలు అనుకున్నవాణ్ని తెల్లవారుజామున నాలుగింటికి బయటికి వచ్చాను. గుమ్మంలో పది డాలర్లు అడిగి ఉంటే వెనక్కి తిరిగేవాణ్నే. డబ్బు లేక కాదు, ఏమి కొంటున్నానో తెలియక.

పాత రికార్డులు

అసలు ఈ ప్రపంచ సంగీతం అన్న పేరే నాకు నచ్చదు. 1987లో లండన్‌లో కొందరు రికార్డుల కంపెనీలవాళ్లు దుకాణాల్లో తమ సరుకు ఏ అరలో పెట్టాలో తెలియక ఖాయం చేసుకున్న మాట. గ్రామీవాళ్లు కూడా 2020లో దాన్ని తమ బహుమతి పేరులోంచి తీసేశారు. త్యాగరాజ కృతికీ కోరాకూ ఒకే అర ఏమిటి?

డెవాన్ వీధి

పాత రికార్డులు గారూ, మీతో ఏకీభవిస్తాను, అయితే అది వేరే చర్చ పెట్టవలసినంత పెద్ద విషయం.

శ్రోత గారి ప్రశ్నకు వస్తాను. విరాళం ఇస్తున్నామా అంటే, చాలినంత ఇవ్వడం లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ గుమ్మం దగ్గర టికెట్, విరాళం ఒకటి కావు. విద్యార్థి బాబు రాసింది చూడండి. తెలియని పాట కోసం ఎవరూ ముందుగా డబ్బు పెట్టరు. కోరా కచేరీకి టికెట్ పెడితే కోరా ముందే తెలిసినవాళ్లే వస్తారు. మీరు మొదటిసారి కోరా విన్నది ఎక్కడ?

నేపర్‌విల్ శ్రోత

మిలీనియం పార్కులోనే. 2009లో. ఆఫీసు నుంచి రైలు స్టేషనుకు నడుస్తూ ఆగాను.

మృదంగం, అరోరా

అయితే మధ్యేమార్గం కొత్తగా వెతకనక్కరలేదు. గ్రాంట్ పార్కు సంగీతోత్సవం వాళ్లు మిలీనియం పార్కులోని ప్రిట్జ్‌కర్ మంటపంలో ముందు వరుసలను సభ్యత్వం కట్టినవారికి కేటాయిస్తారు. మిగతా కుర్చీలు, పచ్చిక అంతా ఉచితం. అక్కడ కుర్చీలే దాదాపు నాలుగు వేలు. వినాలని వచ్చేవాళ్లు కుర్చీల్లో కూర్చోవచ్చు, పిల్లలతో వచ్చినవాళ్లు పచ్చిక మీద. పచ్చిక పైన ఉక్కు గొట్టాల పందిరికి స్పీకర్లు వేలాడదీశారు కాబట్టి వెనక ఉన్నవారికీ స్వరం స్పష్టంగానే చేరుతుంది.

రాగమాలకు కూడా ముందు రెండు వరుసలు అలా ఇచ్చి, ఆ డబ్బును వీసా ఖర్చులకు, స్థానిక కళాకారుల పారితోషికానికి మాత్రమే వాడాలని అడుగుదాం. పారితోషికం ముప్ఫై రోజుల్లో చెల్లించాలని కూడా.

నేపర్‌విల్ శ్రోత

దీనికి ఒప్పుకుంటాను. ఊరికే వచ్చినదానికి విలువ తగ్గుతుందన్న నా మాట మాత్రం పూర్తిగా వదులుకోలేను, ఆ వడ్డీ లెక్కలు ఇంకా చెవిలో ఉన్నాయి. నగర బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరిగినప్పుడు ఎవరైనా మాట్లాడవచ్చు. ఉత్తరం ముసాయిదా నేను రాస్తాను. పారితోషికం భాగం మృదంగం గారు రాయండి.

డెవాన్ వీధి

నా సంతకం పెట్టుకోండి. ఈసారి రాగమాలకు మొదటిసారి వచ్చేవారు ఎవరైనా ఉంటే మందపాటి దుప్పటి తెచ్చుకోండి. మూడు దాటాక ఆ హాలు నేల బాగా చల్లబడుతుంది.