2027 ఆగస్టు 2 సంపూర్ణ సూర్యగ్రహణం: లక్సర్ వెళ్దామనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఆర్వీ_కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే. గ్రహణం వచ్చేది సోమవారం, మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో. ఈజిప్టులో లక్సర్ దగ్గర సూర్యుణ్ణి 6 నిమిషాల 20 సెకన్ల దాకా పూర్తిగా కప్పేస్తుందట. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, అమ్మ (68) వెళ్లాలని ప్లాన్. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, ఆ కథ తర్వాత చెప్తా. మాకెవరికీ ఇది అలవాటు లేదు. చూసినవాళ్లూ, చూద్దామని వెళ్లి దెబ్బతిన్నవాళ్లూ చెప్పండి. ప్యాకేజీలో పోవాలా, సొంతంగానా?

తారేగనా_బాధితుడు:
దెబ్బతిన్నవాళ్లలో నన్ను ముందు రాసుకోండి. 2009 జులై 22. బీహార్‌లో తారేగనా నుంచి బ్రహ్మాండంగా కనబడుతుందని పేపర్లన్నీ రాశాయి. పాట్నా దాకా రైలు, అక్కణ్ణుంచి తెల్లారకముందే జీపు. జులై అంటే వానాకాలమని ఆ ఉత్సాహంలో ఎవరం పట్టించుకోలేదు. ఆకాశం మీద మబ్బు దుప్పటిలా పరుచుకుంది. ఆరున్నర లోపే చిమ్మచీకటి పడింది, జనం ఒకటే కేకలు, మళ్లీ తెల్లారింది. సూర్యుడు మాత్రం అయిపు లేడు. అదే పొద్దున కాశీ ఘాట్ల మీద నిలబడినవాళ్లకు కనబడింది!
లక్సర్ మంచి ఎంపికే. ఆగస్టులో అక్కడ మబ్బు కోసం వెతుక్కోవాలి. ఎండ మాత్రం 40 డిగ్రీలు దాటుతుంది.

హ్యూస్టన్_అమ్మలు:
2024 ఏప్రిల్ 8న మా హ్యూస్టన్‌లో సూర్యుడు 94 శాతం మూసుకున్నాడు. "94 అంటే డిస్టింక్షనే కదా, ఎక్కడికీ పోనక్కర్లేదు" అన్నారు మావారు. నేను పిల్లలిద్దర్నీ వేసుకుని, సంపూర్ణంగా కనబడే వేకో వైపు మూడు గంటలు డ్రైవ్ చేశాను. ఆయన ఇంటి వెనక నిలబడి చూస్తే ఎండ కాస్త మందగించిందట, అంతే. మాకు నాలుగు నిమిషాలు పైనే. ముందు చల్లగాలి తగిలింది, వెలుతురు వెలిసిపోయిన బట్టలా అయింది, నీడల అంచులు పదునెక్కాయి. ఇక ఒక్కసారిగా స్విచ్ ఆపినట్టే. నల్లటి బొట్టు, చుట్టూ తెల్లటి కరోనా (సూర్యుడి బయటి వెలుగు వలయం), కింది అంచున గులాబీ రంగు చుక్క. మా చిన్నాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. 94కీ 100కీ తేడా ఆరు మార్కులు కాదండీ. ఒక్క శాతం మిగిలినా ఆకాశంలో పగలే.
మబ్బుల సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల లెక్కల ప్రకారం టెక్సస్‌లో ఆకాశం తేటగా ఉండాలి, తీరా ఆ రోజు మబ్బులతో దోబూచులాట. మబ్బులు గ్యారంటీ అనుకున్న వెర్మాంట్, మెయిన్‌లో తళతళలాడింది. మాకు మధ్యలో రెండుసార్లు మబ్బు అడ్డొచ్చింది. అందుకే కారూ, ఫుల్ ట్యాంకూ, రెండో చోటూ రెడీగా ఉండాలి.

డాలస్_పక్కింటివాడు:
మాకు ఇంటి ముందే 3 నిమిషాల 50 సెకన్లు. అందులో రెండు నిమిషాలు కెమెరాకే అర్పించాను. ఫిల్టర్ తియ్యడం మర్చిపోయి, ఫొటోలన్నీ నల్లగా వస్తే సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను. మొదటిసారి వెళ్తున్నారు కదా, కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి. నెట్‌లో మీకంటే బాగా తీసినవాళ్ల ఫొటోలు బోలెడు ఉంటాయి.
కళ్లద్దాలు ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే అద్దాల ప్రమాణం) అని ఉన్నవే కొనండి, గీతలు పడ్డవి వాడొద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజు ముక్కలు అసలొద్దు. పూర్తిగా కప్పేసిన ఆ కాసేపే అద్దాలు తీయాలి, వజ్రపుటుంగరంలా మెరుపు మళ్లీ రాగానే పెట్టేసుకోవాలి. పాపకి ముందే రెండుమూడుసార్లు ప్రాక్టీస్ చేయించండి.

జిద్దా_నిజామాబాద్:
అన్నా, మాకైతే టికెట్టే అక్కర్లేదు. జిద్దాలో దాదాపు 6 నిమిషాలు. ఇక్కడ ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించొద్దని రూల్ ఉంది, కాబట్టి సైట్ల మీద పోరగాళ్లంతా ఆ టైముకు ఖాళీనే ఉంటరు. అద్దాలు మాత్రం ఊరి నుంచి వచ్చేటోళ్లతో తెప్పిస్తున్నా, రూముకు పది.

తారేగనా_బాధితుడు:
ఇంకో మాట. లక్సర్‌లో ఆ టైముకు సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. చాప తీసుకెళ్లండి, పడుకుని చూడండి. నైలు మీద పడవ ప్యాకేజీ అయితే ఆ మధ్యాహ్నం పడవ ఎక్కడుంటుందో రాసిమ్మనండి. కైరోలో ఉండిపోతే మాత్రం పాక్షికమే. హోటల్ సంగతికొస్తే, నాకు తెలిసినాయన 2024కి ఏడాది ముందే రూము బుక్ చేస్తే, దగ్గరికొచ్చాక "పొరపాటు జరిగింది" అని క్యాన్సిల్ చేసి, అదే రూము మూడింతల రేటుకి పెట్టారట. కన్ఫర్మేషన్ కాగితం మీద ఉండాలి, ఇంకో చోట కూడా రద్దు చేసుకునే వీలున్న రూము పట్టుకోండి.

పాతకాపు_80:
మీ అమ్మగారి గురించి రాశారు కాబట్టి చెప్తున్నాను. 1980 ఫిబ్రవరి 16. మాది హైదరాబాద్‌కి దగ్గర్లోని జపాల్-రంగాపూర్ పక్క ఊరు. అక్కడి ఉస్మానియా అబ్జర్వేటరీలో సైంటిస్టులు టెలిస్కోపులు సర్దుకుని కూర్చున్నారు. సంపూర్ణం రెండు నిమిషాలు సరిగ్గా మా నెత్తి మీద. నాకు పదకొండేళ్లు. నాయనమ్మ పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, నీళ్ల పళ్లెంలో రోకలి నిలబెట్టి, పిల్లలందర్నీ లోపలికి తోసి గడియ పెట్టింది. తలుపు సందులోంచి మసక వెలుతురు పోవడం చూశాను, కోళ్లు గూట్లోకి పరిగెత్తిన చప్పుడు విన్నాను. నాకు దక్కింది అంతే. నాయనమ్మ మీద కోపం లేదు, ఆమె భయం ఆమెది. కానీ నడిచివెళ్లే దూరంలో జరిగినదాన్ని చూడలేకపోయానని ఇప్పటికీ కడుపులో ఉంది. ఇక మీదట సంపూర్ణం మన దేశం మీదికి వచ్చేది 2034 మార్చి 20, అదీ కాశ్మీర్, లద్దాఖ్ కొండల్లో. నా మోకాళ్లతో అక్కడికి కష్టం. నేనూ లక్సర్‌కే చూస్తున్నాను.

ఆర్వీ_కూకట్‌పల్లి:
పాతకాపు గారూ, మీరు రాసింది రాత్రి అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్లోనూ అదే రోకలి" అంది. పొద్దున కాఫీ ఇస్తూ ఒప్పుకుంది. షరతు ఒక్కటే, విడుపు కాగానే స్నానం చెయ్యాలి, బాత్రూమ్ పది అడుగుల్లో ఉండాలి. కాబట్టి గుడి శిథిలాల దగ్గర చూద్దామన్న ప్లాన్ మానేశాం. మిద్దె మీదికి వెళ్లనిచ్చే హోటల్ వెతుకుతున్నాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, చాపలు మేం తెచ్చుకుంటాం.